టెర్పీన్ సింథేజ్‌లు పెంచితే పంటకు తెగుళ్లు తగ్గుతాయా?

నిత్యశోధన

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్ చేస్తున్నాను, సెమినార్‌కి టెర్పీన్ సింథేజ్‌లు తీసుకున్నాను. చదివిన పేపర్లలో చాలావరకు కథ ఒకటే: ఫలానా జన్యువు ఎక్కువ పనిచేసేలా చేశాం, ఫలానా తెగులు తగ్గింది. చదవడానికి బాగానే ఉంది. అంత తేలికైతే ఈపాటికి ప్రతి పంటలోనూ ఆ పని అయిపోయి ఉండాలి కదా? ఎక్కడో మెలిక ఉంది, అది నాకు అందడం లేదు. కెమిస్ట్రీ డిగ్రీతోనే ఆపేశాను కాబట్టి అసలు ఆ ఎంజైమ్ ఏం చేస్తుందో కూడా కాస్త విడమరిచి చెప్తే మేలు.

కార్బన్‌గొలుసు

ఎంజైమ్ సంగతి నేను చెప్తాను. తెగుళ్ల గురించి నాకన్నా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

టెర్పీన్లన్నీ 5 కార్బన్ల ముక్కలతో కట్టినవే. ఆ ముక్కలు ఐపీపీ, డీఎంఏపీపీ. మొక్క వీటిని రెండు చోట్ల చేసుకుంటుంది: కణద్రవంలో మెవలొనేట్ మార్గంలో, ప్లాస్టిడ్లలో ఎంఈపీ మార్గంలో. రెండు ముక్కలు కలిస్తే 10 కార్బన్ల జీపీపీ, మూడు కలిస్తే 15 కార్బన్ల ఎఫ్‌పీపీ, నాలుగు కలిస్తే 20 కార్బన్ల జీజీపీపీ. ఇంతవరకు అన్నీ తిన్నని గొలుసులే, వాటికి చెప్పుకోదగ్గ గుణమేమీ లేదు.

గొలుసు చివర రెండు ఫాస్ఫేట్లు ఉంటాయి. టెర్పీన్ సింథేజ్ మెగ్నీషియం అయాన్ల సాయంతో వాటిని ఊడగొడుతుంది. మిగిలిన గొలుసు మీద ధనావేశం నిలుస్తుంది, అంటే అది కార్బోకేటయాన్ అవుతుంది. కార్బోకేటయాన్ కుదురుగా ఉండే రకం కాదు. దగ్గర్లో డబుల్ బాండ్ కనిపిస్తే పట్టుకుని వలయం కడుతుంది, హైడ్రోజన్ ఒక కార్బన్ నుంచి ఇంకో కార్బన్ మీదికి దూకుతుంది, మళ్లీ ఇంకో వలయం. చివరికి ఒక ప్రోటాన్‌ని వదిలేసో, ఒక నీటి అణువును పట్టుకునో శాంతిస్తుంది. ఈ గందరగోళమంతా ఎంజైమ్ లోపలి గుంతలో జరుగుతుంది. ఆ గుంత అచ్చులాంటిది: గొలుసు అందులో ఎలా ముడుచుకుంటే ఆ ఆకారంలో టెర్పీన్ బయటికి వస్తుంది. పొగాకులోని ఇలాంటి ఎంజైమ్ ఒకదాని స్ఫటిక నిర్మాణం 1997లో బయటికొచ్చాక ఇదంతా కళ్లతో చూసినట్టు అర్థమైంది.

అచ్చు అన్నాను గానీ అన్నీ కచ్చితమైనవి కావు. గ్రాండ్ ఫర్ అనే చెట్టులో గామా-హ్యుములీన్ సింథేజ్ అని ఒకటుంది. అది ఒక్క ఎఫ్‌పీపీ నుంచే 52 రకాల టెర్పీన్లు తీస్తుంది! పైగా ఒక్కో మొక్కలో ఇలాంటి ఎంజైమ్‌లు పదుల సంఖ్యలో ఉంటాయి. చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లోనే పనిచేసేవి 32 దాకా ఉన్నాయి, యూకలిప్టస్ గ్రాండిస్‌లో 100 దాటాయి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. సింథేజ్ ఇచ్చేది చాలాసార్లు ఒట్టి హైడ్రోకార్బన్. దానికి ఆక్సిజన్ తగిలించేవి సైటోక్రోమ్ పీ450లు. శిలీంధ్రాన్ని నిజంగా ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఆ తయారైన రూపమే.

వరివెన్ను

కార్బన్‌గొలుసు గారు దారి వేశారు, నేను వరి మీదుగా వస్తాను. నా పనంతా అగ్గితెగులు మీదే కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు చిన్న నేపథ్యం. తెగులు తగిలాక మొక్క కొత్తగా విషాలు తయారుచేసుకుంటుందన్న ఆలోచన 1940లో ముల్లర్, బోర్గర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు పెట్టారు. వాళ్లు చూసింది బంగాళదుంపనీ, దాని ఆకుమాడు తెగులు కలిగించే ఫైటాఫ్తోరానీ. అలాంటి పదార్థాలకే ఫైటోఅలెక్సిన్లని పేరు. వరిలో ఇవి చాలావరకు 20 కార్బన్ల టెర్పీన్లే: మొమిలాక్టోన్లు, ఫైటోకాసేన్లు, ఒరైజాలెక్సిన్లు. మొమిలాక్టోన్లను మొదట 1973లో వడ్ల పొట్టు నుంచి తీశారు, అదీ విత్తనం మొలవకుండా ఆపే పదార్థాలుగా. అగ్గితెగులు సోకిన ఆకుల్లో ఇవి పేరుకుంటాయని 1981లో తేలింది.

ఇవి తయారయ్యేది రెండు మెట్లలో. మొదట జీజీపీపీని ఒక సింథేజ్ రెండు వలయాలుగా కడుతుంది. సీపీఎస్4 కడితే ఒక రూపం, సీపీఎస్2 కడితే దాని సోదర రూపం. తర్వాత కేఎస్ఎల్ అనే రెండో జట్టు అందుకుంటుంది. సీపీఎస్4 తర్వాత కేఎస్ఎల్4 వస్తే మొమిలాక్టోన్ దారి, సీపీఎస్2 తర్వాత కేఎస్ఎల్7 వస్తే ఫైటోకాసేన్ దారి, కేఎస్ఎల్10 వస్తే ఒరైజాలెక్సిన్ దారి. మొమిలాక్టోన్‌కి కావలసిన జన్యువుల్లో ఎక్కువ భాగం 4వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఫైటోకాసేన్‌వి 2వ క్రోమోజోమ్ మీద ఉంటాయి.

ఇక ఆకు మీద ఏం జరుగుతుందో చూడండి. అగ్గితెగులు స్పోర్ ఆకు మీద పడి అతుక్కుంటుంది, మొలకెత్తుతుంది, ఒక బుడగలాంటి భాగాన్ని ఊది ఆ ఒత్తిడితో ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి దిగుతుంది. శిలీంధ్రం గోడలోని కైటిన్ ముక్కలను వరి కణం పసిగడుతుంది. అక్కణ్నుంచి కబురు అందించే కైనేజ్ ఎంజైమ్‌ల వరుస, తర్వాత జన్యువులను లేపే ప్రోటీన్లు, ఆపైన సీపీఎస్, కేఎస్ఎల్ జన్యువులు. తట్టుకునే రకంలో ఆకు మీద సూదిమొనంత గోధుమరంగు చుక్క పడి ఆగిపోతుంది. లొంగిపోయే రకంలో నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిదరంగుతో మచ్చ సాగుతుంది. తమాషా ఏమిటంటే మొమిలాక్టోన్లు రెండింటిలోనూ తయారవుతాయి. తట్టుకునే రకంలో ముందే పేరుకుంటాయి, లొంగే రకంలో శిలీంధ్రం పాకిపోయాక వస్తాయి. అందుకే "ఎంత ఉంది" అని ఒక్క రోజు కొలిచి చెప్పే లెక్కలను నేను పెద్దగా నమ్మను. ఎన్నో గంటకు వచ్చింది, ఏ కణాల్లో వచ్చింది అన్నవి చెప్పని పేపర్‌ను పక్కన పెట్టేస్తాను.

సందేహాలరావు

వరివెన్ను గారూ, పేరుకుంటుంది సరే. అది తెగులును ఆపుతోందని ఎలా తెలుస్తుంది? ఇల్లు కాలిన ప్రతిచోటా ఫైరింజన్ ఉంటుంది, ఇంజనే నిప్పు పెట్టిందనం కదా.

వరివెన్ను

సరైన ప్రశ్న 🙂 జన్యువును తీసేసి చూడాలి. ఇక్కడే కథ చిక్కుపడుతుంది.

సీపీఎస్4 పనిచేయని వరి మొక్కలను ఒక బృందం పరీక్షించి 2012లో ప్రచురించింది. అగ్గితెగులు విషయంలో మామూలు మొక్కకూ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా కనిపించింది ఇంకో చోట: పక్కన మొలిచే కలుపును అణిచే శక్తి తగ్గింది. వేరే బృందం 2014లో ఇంకో సీపీఎస్4 లోపించిన మొక్కతో చేస్తే అగ్గితెగులు ఎక్కువైంది. సీపీఎస్2 తీసేసిన మొక్కలు మాత్రం అగ్గితెగులుకీ, బ్యాక్టీరియా ఎండాకు తెగులుకీ రెండింటికీ మరింత లోనయ్యాయని 2018లో వచ్చింది. సీపీఎస్4 లేని మొక్కలోకి మామూలుగా వరికి సోకని ఇంకో మాగ్నపోర్తే జాతి (అగ్గితెగులు శిలీంధ్రానికి బంధువు) దిగగలిగిందని కూడా అదే పేపర్ చెప్పింది.

నా అభిప్రాయం అడిగితే, వరి దగ్గర ఒక్క ఆయుధం కాదు, డజనుకు పైగా ఉన్నాయి. ఒకటి తీసేస్తే మిగతావి ఎంత కప్పిపుచ్చుతాయన్నది రకాన్ని బట్టి, శిలీంధ్రపు తెగను బట్టి మారుతుంది. ఆగిందా లేదా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు కోరేవాళ్లకి ఇది నచ్చదు.

జీవరాశి

కలుపు మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. వరి వేళ్లు మొమిలాక్టోన్-బీని మట్టిలోకి వదులుతాయి, ఊద గడ్డి పెరుగుదల దాంతో మందగిస్తుంది. బాగుంది కదా? 2017లో ఊద గడ్డి జీనోమ్ చదివితే అందులోనూ మొమిలాక్టోన్ తయారీకి జన్యువుల గుంపు కనిపించింది! శత్రువు చేతిలోనూ అదే కత్తి.

నిత్యశోధన

వరివెన్ను సార్, చాలా థ్యాంక్స్. ఇంకో సందేహం. 10 కార్బన్లవి, అంటే లిమొనీన్, లినలూల్ లాంటి వాసన పదార్థాలు కూడా తెగుళ్లను ఆపుతాయా? అవి గాలిలో ఎగిరిపోతాయి కదా.

వరివెన్ను

ఆపుతాయి. వరిలోనే టీపీఎస్19 అనే జన్యువు (టీపీఎస్ అంటే టెర్పీన్ సింథేజ్) లిమొనీన్ ఇస్తుంది. దాన్ని పెంచిన మొక్కలు అగ్గితెగులును మెరుగ్గా తట్టుకున్నాయి, లిమొనీన్ ఆవిరి స్పోర్లను సరిగా మొలవనివ్వలేదు. టీపీఎస్24 గామా-టెర్పినీన్ ఇస్తుంది, అది ఎండాకు తెగులు బ్యాక్టీరియాను నేరుగా దెబ్బ తీస్తుంది. లినలూల్ కథ వేరు. అది బ్యాక్టీరియాను చంపేదేమీ కాదు, మొక్కలోని రక్షణ జన్యువులను లేపుతుంది. అంటే ఒకటి విషం, ఒకటి కబురు.

జీవరాశి

కబురు పక్క మొక్కకి కూడా చేరుతుంది. అరాబిడాప్సిస్‌లో తెగులు తగిలిన మొక్క వదిలే పైనీన్లు గాలిలో పక్క మొక్కను చేరి, దానికి ఇంకా తెగులు రాకముందే రక్షణను సిద్ధం చేస్తాయని 2017లో చూపించారు. అదే మొక్క పూలల్లో టీపీఎస్21 చేసే బీటా-కార్యోఫిలీన్ కీలాగ్రాన్ని సూడోమొనాస్ బ్యాక్టీరియా నుంచి కాపాడుతుంది. కీలాగ్రం ఎప్పుడూ తడిగా, తీయగా ఉంటుంది, బ్యాక్టీరియాకి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఆ ఎంజైమ్ సరిగ్గా అక్కడే పనిచేస్తుంది. ఆకు నిండా పనిచేసి ఉంటే అది నాకు ఇంత నచ్చేది కాదు.

సందేహాలరావు

అందరూ లిమొనీన్‌ని పొగుడుతున్నారు. నారింజ సంగతి ఎవరూ ఎత్తరేం?

నారింజ తొక్క నూనెలో 90 శాతానికి పైగా లిమొనీనే. స్పెయిన్ బృందం ఒకటి లిమొనీన్ సింథేజ్ జన్యువును తిరగేసి పెట్టి దాని పనిని అణిచేసింది, 2011లో ప్రచురించారు. మీ లెక్క ప్రకారం ఏమవ్వాలి? తొక్క మీద ఆకుపచ్చ బూజు విరగబడాలి. అయింది దానికి పూర్తిగా వ్యతిరేకం. బూజు తగ్గింది, గజ్జి తెగులు కలిగించే క్సాంథోమొనాస్ బ్యాక్టీరియా తగ్గింది, పండు ఈగ మగవాటికి ఆ పండు మీద మోజు కూడా తగ్గింది.

ఇప్పుడు చెప్పండి, లిమొనీన్ రక్షణా, ఆహ్వాన పత్రికా?

కార్బన్‌గొలుసు

మంచి దెబ్బ కొట్టావు రావూ. ఆలోచించవలసిన పాయింటే ఇది.

వరివెన్ను

రెండూనూ. ఎవరికి అన్నదాన్ని బట్టి. నారింజ మీద బతకడానికి అలవాటు పడ్డ పెనిసీలియం డిజిటాటమ్‌కి తొక్క నూనె వాసన విషం కాదు, "ఇక్కడ గాయం ఉంది, రా" అన్న గుర్తు. తొక్క చిట్లిన చోటే కదా ఆ నూనె బయటపడేది. అగ్గితెగులు శిలీంధ్రానికి లిమొనీన్‌తో అలాంటి చుట్టరికం లేదు. పైగా లిమొనీన్ తగ్గించిన నారింజలో జాస్మోనేట్ అనే మొక్క హార్మోను దారిలోని రక్షణలు తమంతట తామే పైకి లేచాయని అదే బృందం తర్వాతి పనిలో చూపించింది. అంటే ఒక్క పదార్థం తగ్గడం వల్ల మిగతా లెక్కలన్నీ కదిలాయి.

పిడికెడుమన్ను

నేను పొలం చేసేవాణ్ణి, మీ అక్షరాల జన్యువులు నా తలకెక్కవు. ఒక్క మాట అడుగుతా. ఇవన్నీ నూనెలే అంటున్నారు. సీసాలో కొట్టి పిచికారీ చేస్తే పోలా? జన్యువులు కెలకడం దేనికి?

వరివెన్ను

అన్నా, అడగవలసిన ప్రశ్నే. టీ ట్రీ నూనెతో చేసిన శిలీంధ్రనాశినులు కొన్ని దేశాల్లో రిజిస్టరై వాడకంలో ఉన్నాయి, కాబట్టి ఆలోచన తప్పేమీ కాదు. తిప్పలేమిటంటే ఈ పదార్థాలు ఎండకు, గాలికి తొందరగా పోతాయి, నీళ్లలో కలవవు, మోతాదు మించితే ఆకునే మాడుస్తాయి. శిలీంధ్రం కణపొరను దెబ్బతీసే నూనె ఆకు కణపొరను ఎందుకు వదులుతుంది? మొక్క అయితే ఆ నూనెను గ్రంథుల్లోనో నాళాల్లోనో విడిగా దాచుకుంటుంది, లేదా తెగులు తాకిన నాలుగు కణాల్లో మాత్రమే చేసుకుంటుంది. స్ప్రేయర్‌కి ఆ నేర్పు రాదు.

మధ్యేమార్గం ఒకటుంది. ప్రొబెనజోల్ అనే మందు. జపాన్‌లో వరి అగ్గితెగులు మీద దశాబ్దాలుగా వాడుతున్నారు. అది శిలీంధ్రాన్ని నేరుగా చంపదు. వరిలో రక్షణ కబురు మోసే సాలిసిలిక్ ఆమ్లపు దారిని తట్టి లేపుతుంది. ఆ దారిలో డబ్ల్యూఆర్‌కేవై45 అనే ప్రోటీన్ ఉంది, దాని ప్రభావంతో టెర్పీన్ ఫైటోఅలెక్సిన్ల జన్యువులు సిద్ధంగా నిలబడతాయి. తెగులు తగలగానే తయారీ చకచకా మొదలవుతుంది. తెగులు రాకపోతే మొక్క ఆ ఖర్చు పెట్టదు.

పిడికెడుమన్ను

ఇది అర్థమైంది. కుక్కని కట్టేసి ఉంచి దొంగొచ్చినప్పుడే వదలడం. మరి యూరియా ఎక్కువేస్తే అగ్గితెగులు ఎందుకు పెరుగుతుందో అది కూడా ఎప్పుడైనా చెప్పండి, ఇప్పుడు కాదులే.

జీవరాశి

పిడికెడుమన్ను గారి మాటకి మొక్కజొన్నలో మంచి సాక్ష్యం ఉంది. తెగులుది కాదు, పురుగుది. చివరికి తెగులు దగ్గరికే వస్తుంది, కాస్త ఆగండి.

మొక్కజొన్న వేరును డయాబ్రోటికా అనే పురుగు కొరికితే వేరు బీటా-కార్యోఫిలీన్ వదులుతుంది. ఆ వాసనకి మట్టిలోని మేలు చేసే నులిపురుగులు వచ్చి ఆ పురుగులోకి దూరి చంపుతాయి. దీన్ని 2005లో కనుక్కున్నారు. చేసేది టీపీఎస్23. ఉత్తర అమెరికా రకాల్లో చాలావాటికి ఈ శక్తి పోయింది: జన్యువు ఉంది, పనిచేయడం లేదు. 2009లో ఒరెగానో మొక్క నుంచి ఒక సింథేజ్ జన్యువు తెచ్చి అలాంటి రకంలో పెట్టారు. పొలంలో వేరుకి దెబ్బ తగ్గింది, బయటికొచ్చిన పెద్ద పురుగులు 60 శాతం తగ్గాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత రెండు పేపర్లు వచ్చాయి, అవి ఎవరూ పెద్దగా చదవరు. ఒకటి 2013ది. ఆ మొక్కలు వాసనను ఆపకుండా వదులుతూనే ఉండటంతో మొలక శాతం, ఎదుగుదల, దిగుబడి తగ్గాయి, మొక్కను తినే ఇతర పురుగులు కూడా ఆ వాసన పట్టుకుని వచ్చాయి. రెండోది 2015ది, అసలు బాంబు ఇదే: అదే కార్యోఫిలీన్ మొక్కలు కొలెటోట్రైకమ్ శిలీంధ్రానికి మామూలు మొక్కకన్నా ఎక్కువగా లొంగిపోయాయి. పురుగు నుంచి కాపాడిన టెర్పీన్ తెగులుకు తలుపు తీసింది.

సందేహాలరావు

జీవరాశి మేడమ్, ఈ 2015 పేపర్ కోసమైనా మీకు దండం. నేను చెప్పాలనుకున్నది ఒక్క వాక్యంలో పెట్టారు.

జీవరాశి

అలాగని మొక్కజొన్నను తీసిపారేయకండి. సొంత శిలీంధ్రాలతో పోరులో దాని టెర్పీన్ల సరంజామా చాలా గట్టిది. జీలెక్సిన్లు 15 కార్బన్లవి, కౌరాలెక్సిన్లు 20 కార్బన్లవి, రెండూ 2011లో వెలుగులోకి వచ్చాయి. జీలెక్సిన్ల దారిలో 10 జన్యువులు ఎలా పంచుకుని పనిచేస్తాయో 2020లో విప్పారు. వాటిలో నాలుగు సింథేజ్ జన్యువులను ఒకేసారి తీసేస్తే ఫ్యుజేరియం శిలీంధ్రం, స్టీవర్ట్ విల్ట్ బ్యాక్టీరియా రెండూ రెచ్చిపోయాయి. కౌరాలెక్సిన్లు చేయలేని మొక్క శిలీంధ్రానికే కాదు, నీటి ఎద్దడికి కూడా తట్టుకోలేకపోయింది.

కార్బన్‌గొలుసు

ఫ్యుజేరియం పేరు వచ్చింది కాబట్టి ఒక విషయం. మనం ఇంతసేపూ టెర్పీన్ సింథేజ్ మొక్క సొత్తే అన్నట్టు మాట్లాడుతున్నాం. గోధుమ వెన్నును తెల్లగా ఎండగొట్టే ఫ్యుజేరియం గ్రామినియారమ్ దగ్గర ట్రైకోడయీన్ సింథేజ్ ఉంది. దాని జన్యువు పేరు ట్రై5. అది కూడా ఎఫ్‌పీపీనే తీసుకుని వలయం కడుతుంది. ఆ వలయం మీద మరికొన్ని మెట్లు దాటితే వచ్చేది డీఆక్సీనివలెనాల్ అనే విషం. అది గోధుమ కణంలో రైబోజోమ్‌ను పట్టుకుని ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. ట్రై5 తీసేసిన ఫ్యుజేరియం గోధుమ వెన్నులో ఒక గింజ నుంచి పక్క గింజకి సరిగా పాకలేదు. ఒకే ముడిసరుకు, ఒకే తరహా కెమిస్ట్రీ, ఎదురెదురు పక్షాలు.

వరిలో బకానే తెగులు కూడా అంతే. పైరు సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతుంది. అది శిలీంధ్రం వదిలే పదార్థం వల్లనేనని 1926లో కురొసావా చూపించాడు. ఆ పదార్థమే జిబ్బరెలిన్, 20 కార్బన్ల జీజీపీపీ నుంచి వచ్చినదే. వరి తన ఎదుగుదలకి సొంతంగా జిబ్బరెలిన్ చేసుకుంటుంది, అందుకు సీపీఎస్1 వాడుతుంది. రక్షణకి వాడే సీపీఎస్2 ఇచ్చేదీ, సీపీఎస్1 ఇచ్చేదీ ఒకటే అణువు! సీపీఎస్1 పోతే వరి గిడసబారిపోతుంది, సీపీఎస్2 పోతే ఎత్తు మామూలుగానే ఉంటుంది. ఎదుగుదల లెక్క, రక్షణ లెక్క ఒకదానిలో ఒకటి కలవకుండా మొక్క ఒకే పనికి రెండు జన్యువులు పెట్టుకుంది.

నిత్యశోధన

ఇది నాకు బాగా నచ్చింది సార్. శిలీంధ్రం తిరిగి కొట్టే సంగతి కూడా ఉంది కదా? ఓట్స్ గురించి ఎక్కడో చదివాను.

వరివెన్ను

ఓట్స్ వేళ్లలో అవెనాసిన్ అనే ట్రైటెర్పీన్ ఉంటుంది, 30 కార్బన్ల చట్రం. ఇది ముందే తయారై ఉంటుంది, తెగులు కోసం ఆగదు. వలయం కట్టే ఎంజైమ్ మనం మాట్లాడుకుంటున్న కుటుంబానికి చెందదు, ఆక్సిడోస్క్వాలీన్ సైక్లేజ్. చేసే పని మాత్రం అదే కోవది. గోధుమ వేళ్లను కుళ్లబెట్టే టేక్-ఆల్ శిలీంధ్రం మామూలుగా ఓట్స్ జోలికి రాలేదు, అవెనాసిన్ దాని కణపొరను తూట్లు పొడుస్తుంది. గోధుమకి ఆ పదార్థమే లేదు.

దీన్ని రుజువు చేసిన తీరు నాకు మహా ఇష్టం. అవెనాసిన్ అతినీల కాంతిలో నీలంగా మెరుస్తుంది. కాబట్టి వేలాది మొలకల వేళ్లను చీకటిగదిలో ఆ దీపం కింద చూస్తూ పోయి, మెరవని వేరు ఉన్న మొలకను ఏరడమే పని. అలా ఏరిన మొక్కలు టేక్-ఆల్‌కి లోనయ్యాయని 1999లో ప్రచురించారు. జీన్ చిప్పూ లేదు, మరొకటీ లేదు, ఓ దీపం, ఓపిక.

శిలీంధ్రం జవాబు: ఓట్స్‌కి సోకే ఒక తెగ అవెనాసినేజ్ అనే ఎంజైమ్‌తో అవెనాసిన్ మీది చక్కెరలను కత్తిరిస్తుంది, విషం పదును పోతుంది. 1995లో ఆ తెగ నుంచి ఈ ఎంజైమ్ జన్యువును తీసేశారు. అది ఓట్స్ మీద చేతులెత్తేసింది, గోధుమ మీద మాత్రం మామూలుగానే సోకింది. కాబట్టి ఇందాక రావుగారు అడిగిన "ఎలా తెలుస్తుంది" అన్న ప్రశ్నకి రెండు వైపుల నుంచీ నిలిచే జవాబు నాకు తెలిసి ఇదే. మొక్క వైపు జన్యువు తీశారు, శిలీంధ్రం వైపు జన్యువు తీశారు, రెండు లెక్కలూ సరిపోయాయి.

సందేహాలరావు

ఒప్పుకుంటున్నా. ఇది గట్టి రుజువే.

పిడికెడుమన్ను

ఇంతకీ ఈ విద్యతో పొలం దాకా వచ్చినది ఒక్కటైనా ఉందా లేదా?

జీవరాశి

ఉంది, పత్తి. కాకపోతే టెర్పీన్ పెంచి కాదు, తగ్గించి.

పత్తి ఆకు మీద, కాయ మీద కనిపించే నల్లటి చుక్కల్లాంటి గ్రంథుల్లో గాసిపాల్, దాని బంధువులు ఉంటాయి. మొదటి మెట్టు డెల్టా-కాడినీన్ సింథేజ్, 15 కార్బన్లది. పురుగులనీ, వెర్టిసీలియం లాంటి ఎండు తెగుళ్లనీ ఆపడంలో ఈ పదార్థాలది పెద్ద చెయ్యి. కానీ గింజలోనూ గాసిపాల్ ఉండటంతో నెమరు వేయని జీవాలు, మనుషులతో సహా, ఆ ప్రోటీన్‌ను నేరుగా తినలేవు. కిలో దూదికి కిలోన్నర పైన గింజ వస్తుంది, అందులో ఐదోవంతుకి పైగా ప్రోటీనే.

1950లలో గ్రంథులే లేని పత్తి రకాలు తీశారు. గింజ బాగుంది, కానీ మొక్క మొత్తం నిరాయుధమై పురుగులు పండగ చేసుకున్నాయి. టెక్సస్ ఏ అండ్ ఎంలో కీర్తి రాథోర్ బృందం వేరే దారి పట్టింది. గింజలో మాత్రమే పనిచేసే ప్రమోటర్‌తో (జన్యువు ఎక్కడ, ఎప్పుడు లేవాలో చెప్పే డీఎన్‌ఏ ముక్క) ఆర్ఎన్ఏఐ, అంటే జన్యువు పనిని అణిచే ఏర్పాటు, పెట్టి డెల్టా-కాడినీన్ సింథేజ్‌ను గింజలోనే అణిచింది. ఆకులో, వేరులో, పూమొగ్గలో గాసిపాల్ ఎప్పటిలాగే ఉంది. 2006లో పేపర్ వచ్చింది, అమెరికా వ్యవసాయ శాఖ 2018లో, ఆహార ఔషధ సంస్థ 2019లో పచ్చజెండా ఊపాయి. పేపర్ నుంచి అనుమతి దాకా 13 ఏళ్లు.

నన్నడిగితే ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే. ఆ బృందం ఎంజైమ్‌ను ముట్టుకోలేదు, అది ఎక్కడ పనిచేయాలో మాత్రం మార్చింది.

నిత్యశోధన

మేడమ్, అయితే సెమినార్‌లో ప్రమోటర్ల మీదే ఎక్కువ సమయం పెట్టాలేమో. 35ఎస్ లాంటి ఎప్పుడూ పనిచేసే ప్రమోటర్‌తో చేసిన పేపర్లను ఒక పక్క, తెగులు తగిలితేనే లేచే ప్రమోటర్‌తో చేసినవి ఇంకో పక్క పెట్టి చూపిస్తే?

జీవరాశి

పెట్టు. గ్లాస్‌హౌస్‌లో చేసినవీ, పొలంలో చేసినవీ కూడా వేరు చెయ్. రెండో కుప్ప ఎంత చిన్నదో చూసి నువ్వే ఆశ్చర్యపోతావు.

సందేహాలరావు

చివరగా కార్బన్‌గొలుసు గారికి ఒక ప్రశ్న. మీరు చెప్పిన ఆ గుంత ఆకారాన్ని మనమే మార్చి కావలసిన టెర్పీన్ తీయొచ్చా?

కార్బన్‌గొలుసు

తీశారు. పొగాకులోని సింథేజ్ క్యాప్సిడియాల్ అనే ఫైటోఅలెక్సిన్ దారికి తీసుకెళ్తుంది. హెన్‌బేన్ మొక్కలోని సింథేజ్ అదే ఎఫ్‌పీపీ నుంచి వేరే టెర్పీన్ ఇస్తుంది. రెండూ సుమారు 550 అమైనో ఆమ్లాల ప్రోటీన్లు. వాటిలో 9 చోట్ల అమైనో ఆమ్లాలను అటూఇటూ మారిస్తే ఒకదాని ప్రధాన ఉత్పత్తి ఇంకోదానిది అయిపోయిందని 2006లో చూపించారు. ఆ తొమ్మిదిలో కొన్ని గుంతలో కూడా లేవు, చుట్టుపక్కల పొరల్లో ఉన్నాయి. కౌరీన్ సింథేజ్‌లోనైతే ఒక్క ఐసోల్యూసిన్‌ను థ్రియోనిన్ చేస్తే చాలు, వలయాలు కట్టడం మధ్యలోనే ఆగి పైమరాడయీన్ వస్తుంది.

కానీ మొక్కలో పెట్టేటప్పుడు తర్వాతి మెట్టును చూసుకోవాలి. క్యాప్సిడియాల్ చేసే పీ450 కొత్త ఆకారాన్ని గుర్తుపట్టకపోతే నీ హైడ్రోకార్బన్ ఆకు రంధ్రాల్లోంచి గాలిలో కలిసిపోతుంది. జీసీ-ఎంఎస్‌లో (పదార్థాలను విడదీసి గుర్తించే యంత్రం) కొత్త పీక్ కనిపించిందని తెగులు పరీక్షకి పరిగెత్తకుండా, ఆక్సిజన్ తగిలిన రూపం ఆకులో ఎంత మిగిలిందో ముందు కొలవాలి.